చూరుకు అంచు

ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పనిలో చేరిన కొత్తలో, మిగతావాళ్ళు నిచ్చెన సర్దుకునేలోపే కిటికీ గట్టు మీద ఒక కాలు, గోడ పగుల్లో ఇంకో కాలు పెట్టి పైకప్పు మీదకి చేరిపోయేవాడు. అది చూసి ముసలి మేస్త్రీ ఒకాయన, "వీడు మనిషి కాదు, ఉడత" అన్నాడు. ఆ మాట అతుక్కుపోయింది. వీధిలో ఉడత, రేకుల కొట్లో ఉడత, ఆఖరికి పెళ్ళినాడు ఆడపెళ్ళివారు కూడా "ఉడతగారూ, భోజనాలకి లేవండి" అన్నారు.

అతనిది చూరు పని. ఇంటి పైకప్పు గోడ దాటి కాస్త ముందుకొస్తుంది కదా, ఆ ముందుకొచ్చిన భాగం అడుగున పిట్టలూ కందిరీగలూ దూరకుండా అల్యూమినియం పలకలు బిగిస్తాడు. వాటిని సాఫిట్ అంటారు. వాసాల కొసలు వానకి నాని పుచ్చిపోకుండా ముందువైపు నిలువుగా ఒక రేకు పట్టీ తొడుగుతాడు. అది ఫేషియా. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి లోకమంతా తిడుతుంది. మేం లెక్కపెడితే మాత్రం పిలిచి మరీ టీ ఇస్తారు" అని నవ్వుతూ చెప్పేవాడు.

అలాంటి ఉడతకి ఒక మధ్యాహ్నం నిచ్చెన చివర ఉండగా చేతులు బిగుసుకుపోయాయి.

గాలి లేదు, వాన లేదు, నిచ్చెన జారలేదు. మేకు కోసం జేబులో చెయ్యి పెడుతూ ఊరికే కిందికి చూశాడు. తన టిఫిన్ డబ్బా నేల మీద ఉంది. చూస్తుండగానే అది దూరంగా, ఇంకా దూరంగా వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. నిచ్చెనని రెండు చేతులా కావలించుకున్నాడు. చెమట కళ్ళల్లోకి దిగింది. చివరికి కళ్ళు మూసుకుని, కాలితో ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగి, డబ్బా పక్కనే కూలబడ్డాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కబోయినా అంతే. నాలుగో మెట్టు దగ్గరికి వచ్చేసరికి గుండె గొంతులోకి వచ్చేది. పడి ఉంటే చెప్పుకోవడానికి ఒక కథన్నా ఉండేది. చెయ్యో కాలో విరిగితే కట్టు కట్టించుకుని నలుగురికీ చూపించొచ్చు. ఏమీ జరక్కుండా వచ్చిన భయాన్ని ఎవరికి చూపిస్తాడు? అందులోనూ, ఉడత అని పేరు పెట్టుకుని?

అందుకని మోకాలి మీద నెట్టేశాడు. "మోకాలు పట్టేసిందిరా. కొన్నాళ్ళు పైన నువ్వు చూసుకో, కింద నేను చూసుకుంటా" అని బావమరిదితో చెప్పాడు.

బావమరిది అంటే భార్య తమ్ముడు. చిన్నప్పుడే అక్కాబావల దగ్గరికి వచ్చేసి, బావ చేతికింద పని నేర్చుకుని, ఇప్పుడు సమానంగా పని పంచుకుంటున్నవాడు. మంచివాడే గానీ నోట్లో మేకులు ఉన్నప్పుడు తప్ప నోరు మూయడు. "మోకాలా? చెప్పవేం బావా" అని ఆ సాయంత్రమే ఒక నూనె సీసా తెచ్చాడు. అది అయిపోతే ఇంకొకటి తెచ్చాడు. ప్రతి వారం ఎవరో ఒకరిని అడిగి కొత్త వైద్యం కనుక్కొచ్చేవాడు. ఉడత ఆ నూనె ఏ నొప్పీ లేని మోకాలికి రాసుకుంటూ, తేలు కుట్టిన దొంగలా కూర్చునేవాడు.

ఇలా ఏడాది గడిచిపోయింది. అప్పుడు టైలరమ్మ ఇంటి పని వచ్చింది.

టైలరమ్మ ఇల్లు వీధి మలుపులో ఉంది. ఒకే అంతస్తు, నాలుగువైపులా వాలుగా దిగే పైకప్పు. భర్త దూరప్రయాణాల లారీ నడుపుతాడు, ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె మామగారు. ముందు గది కుట్టుగది. గోడవారన రెండు మిషన్లు, మధ్యలో కత్తిరించే బల్ల, మేకులకి వేలాడుతూ సగం కుట్టిన బట్టలు.

"ఇదిగో చూడండి మేస్త్రీ గారూ" అంటూ ఆమె గది మూల చూపించింది. పైనుంచి కిందిదాకా గోడ మీద టీ రంగు చార. "చూరు చెక్కలు పుచ్చిపోయాయి. గువ్వలు దూరి సంసారాలు పెట్టాయి. మొన్న వానకి నీళ్ళు దిగి ఒక పెళ్ళికూతురి బట్టల మీద పడ్డాయి. ఆ మరక వదిలించడానికి నేను పడ్డ పాట్లు ఆ పిల్ల కాపురంలో కూడా పడదు."

వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న మామగారు లోపలికి వినబడేలా అన్నాడు. "ఆ చెక్కలకి ఏమొచ్చింది? నా చేతుల్తో కొట్టినవి."

"మీరు కొట్టి ఎన్నేళ్ళయింది మామయ్యా? మనుషులకే పళ్ళూడిపోతాయి."

"నావి ఊడలేదుగా."

"కట్టుడు పళ్ళు ఊడవు, కడిగి పెట్టుకోవాలంతే" అంది ఆమె. ముసలాయన నవ్వాపుకోవడానికి వీధి వైపు తిరిగాడు.

కొలతల రోజు ఉడత ఒక్కడే వచ్చాడు. బావమరిది కొలతలంటే అతనికి నమ్మకం లేదు. ఆ అబ్బాయి లెక్కలో ప్రతిదీ "అటూ ఇటూగా" ఉంటుంది. నిచ్చెన తెచ్చాడు, గోడకి ఆనించాడు, దాని వైపు చూడకుండా ఒక పొడవాటి కర్ర తీసుకున్నాడు. కర్రకి రసమట్టం కట్టాడు. కర్ర పైకొసని చూరు అంచుకి తాకించి, రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చేదాకా సర్ది, నిట్టనిలువుగా నిలబెట్టాడు. అప్పుడు కింద, గోడ నుంచి కర్ర దాకా టేపు పెట్టి కొలిచాడు. పైన చూరు వెడల్పెంతో కింద ఆ దూరమంతే. లెక్క ప్రకారం తప్పేమీ లేదు.

ముసలాయన కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు. "నిచ్చెన పెట్టుకుని కర్రతో కొలుస్తావేమయ్యా?"

"ఇదీ ఒక పద్ధతే పెద్దాయనా."

"పద్ధతే. నిచ్చెన లేనివాడి పద్ధతి." మళ్ళీ ఆయనే, "నిన్ను ఉడత అంటారటగా? కిందే తిరుగుతున్నావేం మరి?" అన్నాడు.

మాటలో వెటకారం లేదు, తెలుసుకుందామనే అడిగాడు. అయినా ఉడత చెవులు వేడెక్కాయి. "మోకాలు బాగోలేదు" అని గొణిగి, ఇంటి వెనక్కి పోయాడు.

రంగులు ఎంచుకోవడానికి టైలరమ్మ నమూనా ముక్కలన్నీ ఎండలోకి పట్టుకొచ్చింది. "కొట్లో వెలుతురు అబద్ధం చెప్తుంది. రంగు చూస్తే ఎండలోనే చూడాలి" అంది. అడుగు పలకలకి పాలమీగడ రంగు, ముందు పట్టీకి ముదురు గోధుమ రంగు అనుకున్నారు. పలకల్లో కొన్నింటికి సన్నటి చిల్లులుండటం చూసి ఆమె, "ఇవి పాడైన సరుకా?" అని అడిగింది.

"కాదమ్మా. ఇంటికి కూడా ఊపిరాడాలి కదా. పైకప్పు కింద వేడి, చెమ్మ బయటికి పోవడానికి అక్కడక్కడా ఈ చిల్లుల పలక వేస్తాం."

"చంక కింద గాలాడటానికి వదులుగా కుట్టినట్టు" అంది ఆమె. ఉడతకి ఆ పోలిక నచ్చింది.

తమ షెడ్డులో పలకలన్నీ ఒకే కొలతకి కోశారు. చూరు నాలుగువైపులా ఒకే వెడల్పు కాబట్టి పని చకచకా సాగింది. మొదటి పలక మీద కత్తెర పెట్టేముందు బావమరిది, "ఒకసారి నేను పైకెక్కి చూసొస్తా బావా, కోశాక అతకలేం" అన్నాడు.

"నా కొలత మీద నమ్మకం లేదా నీకు?" అన్నాడు ఉడత, అవసరమైన దానికంటే గట్టిగా. బావమరిది మేకులు నోట్లో వేసుకుని పనిలో పడ్డాడు.

పని మొదలైన రోజు మబ్బు పట్టి ఉంది. బావమరిది నిచ్చెనెక్కి పాత చెక్కలు ఊడబీకి కిందికి జారవిడుస్తుంటే ఉడత అందుకుని పేర్చాడు. కొన్ని చేతిలోనే పిండిలా రాలిపోయాయి. ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఒక్కో చెక్కనీ తిప్పి చూసి, "ఇది మంచి చెక్కే. మేకు చూడు, ఎంత తిన్నగా దిగిందో" అన్నాడు. ఉడత కాదనలేదు. మేకు నిజంగానే తిన్నగా దిగింది.

పుచ్చిన వాసాల కొసలకి కొత్త చెక్క అతికారు. గోడ వెంట పలకలు కూర్చునే సన్నటి గాడి పట్టీ బిగించారు. ఉడత మొదటి పలక అందించాడు. బావమరిది దాని ఒక కొస గోడవైపు గాడిలో దూర్చి, రెండో కొస ముందు అంచు వైపు తెచ్చాడు. నోట్లో మేకులు ఉన్నాయి కాబట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మేకులు చేతిలోకి ఉమ్మాడు.

"బావా, పొట్టిగా ఉంది."

"తిరగేసి పెట్టు."

"తిరగేస్తే పొడుగవుతుందా బావా?"

ఇంకో పలక ఇచ్చాడు. ఇంకోటి. మూడువేళ్ళ మందం ఖాళీ, ప్రతిదానికీ. మూల తిరిగి ఇంటి పక్క వైపు పెట్టి చూసినా అదే ఖాళీ. రేకు గుడ్డ కాదు, లాగితే సాగదు.

ఉడతకి అప్పుడు వెలిగింది. వంగి, గోడ మొదట్లో అరచేత్తో తడిమాడు. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ గోడ లావెక్కుతోంది. చెమ్మ ఎక్కకుండా ఎవరో ఎప్పుడో సిమెంటు పూత వేసి, మోకాలెత్తు దాకా దిట్టంగా ఉంచి, పైకి పోనుపోను పలచగా లాగి, మొత్తానికి ఒకే రంగు కొట్టేశారు. కంటికి తెలియదు. చేతికి తెలుస్తుంది. కింద గోడ ముందుకొచ్చింది, పైన వెనక్కి ఉంది. అతను కింద కొలిచాడు.

"ఆ పూత నేను వేసిందే" అన్నాడు కుర్చీలోంచి ముసలాయన. ఈసారి గొప్పగా అనలేదు.

బావమరిది నిచ్చెన మీదనుంచే అడిగాడు. "పైనెక్కి కొలిచినప్పుడు ఎంతొచ్చింది బావా?"

ఉడత చెయ్యి ఇంకా గోడ మొదట్లోనే ఉంది.

"పైన కొలవలేదా?" అని అడిగి, తనే సర్దేశాడు. "మోకాలి వల్ల ఎక్కలేకపోయావా? అయితే నన్ను పంపాల్సింది కదా."

అవునంటే ఆ పూటకి గడిచిపోయేది. అబద్ధానికి కావాల్సిన మాట ఆ అబ్బాయే నోట్లో పెట్టాడు. కానీ పేర్చిన పలకల దొంతర వైపు చూసేసరికి ఉడతకి ఇంక మింగుడు పడలేదు. "కిందికి దిగు, చెప్తా" అన్నాడు.

ఇంటి పక్కన నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి చెప్పాడు. మోకాలికి ఏమీ లేదని, నిచ్చెనెక్కితే వణుకొస్తోందని, ఎందుకో తనకే తెలియదని, ఏడాది నుంచీ ఇంతేనని. చెప్తున్నంతసేపూ కుళాయి మరనే తిప్పుతూ ఉన్నాడు.

బావమరిది విన్నాడు. "మా అక్కకి తెలుసా?"

"చెప్పలేదు."

"అంటే ఆ నూనెలన్నీ?"

ఉడత కుళాయి మర వదిలేశాడు.

బావమరిది వెళ్ళి ప్రహరీ గోడ అవతల గట్టు మీద కూర్చున్నాడు. నోట్లో మేకులు లేకుండా అతను అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఉడత ఎప్పుడూ చూడలేదు. తిట్టినా బాగుండేది. కొంతసేపయ్యాక తనే వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు భయపడ్డావని కాదు బావా" అన్నాడు బావమరిది వీధి వైపే చూస్తూ. "నాకూ పైన రోజూ భయమే. గాలి కొట్టినప్పుడల్లా ప్రాణం పోయి వస్తుంది. కింద నువ్వున్నావు, నీకు భయమంటే తెలీదు, ఏదన్నా అయితే చటుక్కున ఎక్కి పట్టుకుంటావు అనుకుని నెట్టుకొస్తున్నా. నీకూ భయమని ముందే చెప్పుంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదా."

ఉడత ఆ అబ్బాయి భుజం మీద చెయ్యి వేశాడు. బావమరిది ఆ చెయ్యి తీసెయ్యలేదు గానీ, దగ్గరికీ జరగలేదు.

టైలరమ్మకి చెప్పడం ఇంకో ఎత్తు. ఆమె మెడలో టేపు వేసుకునే బయటికి వచ్చింది. "కొలత తప్పిందమ్మా. తప్పు నాదే, పైకెక్కి చూడాల్సింది, చూడలేదు. కొత్త పలకలు నేను తెప్పిస్తాను" అన్నాడు. కొట్టుకి ఫోను చేస్తే ఆ పాలమీగడ రంగు సరుకు అయిపోయిందని, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేమని అన్నారు. పైన మబ్బు అప్పటికే నల్లబడుతోంది. పాత చెక్కలు ఊడబీకేశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆమె కోప్పడిందా అంటే, పడింది. పెదవులు బిగించి చూరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. తర్వాత ఒక పలక చేతిలోకి తీసుకుని, ఖాళీ ఎంత ఉందో మెడలో టేపు తీసి చూసింది.

"చుట్టూ ఇంతేనా? అన్నివైపులా సమానమేనా?"

"సమానమే."

"మరింకేం? గుడ్డ చాలకపోతే మేం ఏం చేస్తాం? అంచు వేస్తాం" అంది. "ఒక్కచోట వేస్తే అతుకు. చుట్టూ ఒకే వెడల్పున వేస్తే అంచు. గుడ్డ తక్కువైందని వేసినట్టు ఉండకూడదు, ఆ అంచు వేసుకోడానికే గుడ్డ కొన్నట్టు ఉండాలి. ముందు పట్టీకి తెచ్చిన గోధుమరంగు రేకు మిగులుతుందా?"

ఉడత ఆమె వైపు చూశాడు, చూరు వైపు చూశాడు. గోడ పైకొస వెంట ఇంటి చుట్టూ చెక్క పట్టీ బిగించాలి. దానికి గోధుమరంగు రేకు మడిచి తొడగాలి. ఆ పట్టీ మీద గాడి పెడితే పలకలు ముందు అంచుకి సరిగ్గా అందుతాయి. కింద నిలబడి చూసేవాళ్ళకి ముందొక గోధుమ గీత, గోడవారన ఒక గోధుమ గీత, మధ్యలో పాలమీగడ.

"అవుతుందమ్మా" అన్నాడు. "నాకెందుకు తోచలేదో."

"మీకు భయమేసింది కాబట్టి" అంది ఆమె. కొలత తప్పినందుకు భయమనే ఆమె ఉద్దేశం. కానీ బావమరిది దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు.

అయితే ఒక చిక్కుంది. అంత పొడవు చెక్క పట్టీని వంకర లేకుండా గోడకి బిగించాలంటే పైన ఇద్దరుండాలి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఉడత భార్యకి చెప్పాడు. ఆమె పెరుగు వడ్డించడం ఆపలేదు.

"నాకు తెలుసు" అంది.

"వాడు చెప్పాడా?"

"వాడెందుకు చెప్తాడు? మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు కుంటుతారండీ. మీరు ఒక్కరోజు కుంటితే ఒట్టు. బల్బు మార్చడానికి నన్ను బల్ల ఎక్కించి, మీరు కింద బల్ల పట్టుకుని కళ్ళు మూసుకున్నారు చూడండి, ఆ రోజే అనుకున్నా."

"మరి అడగలేదేం?"

"మీరే చెప్తారేమో అని చూశా. అడిగితే ఇంకో అబద్ధం ఆడాల్సి వచ్చేది మీకు." ఆమె గిన్నె పక్కన పెట్టి అతనికెదురుగా కూర్చుంది. "ఎలా ఉంటుంది, అది వచ్చినప్పుడు?"

అలా ఎవరూ అడగలేదు, అడిగే అవకాశం అతను ఇవ్వలేదు. టిఫిన్ డబ్బా దూరమైపోవడం దగ్గర్నుంచి చెప్పుకొచ్చాడు. చెప్తుంటేనే అరచేతులు తడిశాయి. ఆమె కొంగుతో వాటిని తుడిచింది, చంటిపిల్లాడి చేతులు తుడిచినట్టు.

"నిచ్చెన కాకుండా పరంజా కట్టుకుంటే? చుట్టూ కడ్డీలుంటాయి కదా" అంది. "నిలబడలేకపోతే కూర్చుని చేయండి. కూర్చుని చేస్తే మేకు దిగదా ఏం?"

మర్నాడు ఇనప గొట్టాల పరంజా అద్దెకి తెచ్చారు. వెడల్పు పలకలు, నడుమెత్తున కడ్డీ. బావమరిది ముందెక్కి, గెంతి చూపించాడు. "చూడు బావా, ఏనుగెక్కినా కదలదు."

"గెంతకు" అన్నాడు ఉడత కిందనుంచి.

నాలుగో మెట్టు దగ్గర ఎప్పటిలాగే గుండె గొంతులోకి వచ్చింది. ఆగాడు. బావమరిది పైనుంచి చెయ్యి చాపలేదు, తొందరపెట్టలేదు. "నేనిక్కడే ఉన్నా" అన్నాడంతే. ఉడత గొట్టాన్ని గట్టిగా పట్టుకుని ఇంకో మెట్టు ఎక్కాడు. పలక మీదకి పాకి, నడుము కడ్డీకి ఆనించి కూర్చుని, కళ్ళు తెరిచాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. చూరు అడుగు అతని ముఖానికి ఎదురుగా ఉంది. వాసాల మధ్య గువ్వలు వదిలేసిన గడ్డి, పాత చెక్కల ధూళి, ఆ వాసన. ఏడాదిగా ఆ వాసనకి దూరమయ్యాడని అప్పుడే తెలిసింది.

"ఏమయ్యా ఉడతా" అని కిందనుంచి ముసలాయన కేకేశాడు. "ఏం కనిపిస్తోంది పైనుంచి?"

ఉడత కిందికి చూడకుండా, "మీ బట్టతల పెద్దాయనా" అన్నాడు.

"అది దేశమంతా కనిపిస్తుంది. ఇంకేం చెప్పు."

అలా మొదలుపెట్టి ముసలాయన పొద్దంతా వదల్లేదు. ఆ మేకు పొడవెంత, రేకుకి మేకు మరీ బిగించవేం, ఆ కొసన సందు వదిలావేం. రేకు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, కదలడానికి చోటివ్వకపోతే ఉబ్బి వంకరపోతుంది అని ఉడత పైనుంచి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చెప్పిందే మళ్ళీ అడిగాడు. మధ్యాహ్నానికి ఉడతకి విసుగొచ్చింది. ముసలాయనకి చెవుడో, మతిమరుపో అనుకున్నాడు. భోజనానికి దిగినప్పుడు మాత్రం, మాట్లాడుతున్నంతసేపూ చేతులు వణకలేదన్న సంగతి తట్టింది. ముసలాయన వైపు చూశాడు. ఆయన ఏమీ ఎరగనట్టు పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. కట్టుడు పళ్ళకి ఆ అవసరమేమిటో ఆయనకే తెలియాలి.

భయం పోయిందని చెప్పడం అబద్ధం. ఇంటి వెనకవైపు నేల పల్లంగా ఉంటుంది, అక్కడ పరంజా ఎత్తు పెరిగింది. చెక్క పట్టీ సగం బిగించాక ఉడత కాళ్ళల్లో మళ్ళీ సత్తువ పోయింది. "రేయ్, ఆగు" అన్నాడు. బావమరిది తన కొసని తాడుతో వాసానికి కట్టి, వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చున్నారు.

"చూరు పట్టుకు వేలాడటం అంటే ఇదేనేమో బావా" అన్నాడు బావమరిది.

ఉడతకి నవ్వొచ్చింది. నవ్వితే పరంజా కదిలింది, కదిలితే ఇద్దరూ ఒకేసారి కడ్డీ పట్టుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఈసారి గట్టిగానే నవ్వారు. కాళ్ళల్లో సత్తువ తిరిగొచ్చాక లేచి మిగతా సగం బిగించారు.

చెక్క పట్టీకి కొత్త చెక్క తెచ్చారు గానీ, ముసలాయన తన పాత చెక్కల్ని చూపించి, "ఇవి పనికిరావా?" అని అడిగాడు. వద్దనడానికి టైలరమ్మ నోరు తెరిచింది. ఉడత ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి, శబ్దం విని, వాన తగలని వైపువి కొన్ని ఏరాడు. వాటిని వాకిలి మీది చూరుకి వాడాడు. ముసలాయన ఎక్కడికవి వెళ్ళాయో చూసుకుని, కుర్చీ కాస్త అటు జరుపుకున్నాడు.

వాన వచ్చేలోపే మూలలు మడిచి, ఆఖరి పలక గాడిలో కూర్చోబెట్టారు. టైలరమ్మ బయటికొచ్చి, కుట్టు చూసినట్టు అంచు వెంట కళ్ళు పరిగెత్తిస్తూ ఇంటి చుట్టూ తిరిగింది. ఒకచోట ఆగి, "ఇక్కడ వెంట్రుకవాసి వంకర" అంది. ఉడత అప్పటికే పరంజా ఎక్కి సరిచేయబోతుంటే, "వద్దులెండి. అది కూడా లేకపోతే మనుషులు చేసిందని ఎవరు నమ్ముతారు?" అంది.

ఆ తర్వాత నుంచి వాళ్ళు పని ఒప్పుకునే పద్ధతి మారింది. నిచ్చెనతో అయ్యే చిన్న పనులు బావమరిదివి. పరంజా కట్టే పనులు ఇద్దరివి. ఎత్తు మరీ ఎక్కువైతే, "అది మా వల్ల కాదండీ" అని ఉడత నోటితోనే చెప్పేవాడు. మొదట్లో ఆ మాట అనడం కష్టంగా ఉండేది. తర్వాత్తర్వాత అలవాటైంది. కొలతలకి ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. బావమరిది పైనెక్కి చెప్పిన అంకెని, "అటూ ఇటూగానా, సరిగ్గానా?" అని ఉడత రెండుసార్లు అడిగేవాడు.

వాన వెలిసిన ఒక రోజు భార్య టైలరమ్మ ఇల్లు చూస్తానంటే తీసుకెళ్ళాడు. బావమరిది కూడా వచ్చాడు. ముగ్గురూ వీధి మలుపులో నిలబడి చూస్తుంటే, ఎదురింటాయన గేటు తెరుచుకుని వచ్చాడు.

"ఆ పని మీరే చేశారట కదా? మా ఇంటికీ చేయాలి. అచ్చం అలాగే. ఆ గోడవారన గోధుమరంగు అంచు మాత్రం తప్పకుండా ఉండాలి."

ఉడత మొహమాటపడ్డాడు. "మీ ఇంటికి ఆ అంచు అక్కర్లేదండీ. అక్కడ పలకలు పొట్టివయ్యాయి. కొలత తప్పితే కప్పడానికి వేశాం."

ఎదురింటాయన నమ్మలేదు. టైలరమ్మ ఆ డిజైను ఇంకొకరికి ఇవ్వకూడదని చెప్పి ఉంటుందని అనుకున్నాడో ఏమో, "మీరలాగే అంటారు" అని నవ్వాడు. "నాకదంతా తెలీదు. అంచు ఉంటేనే చేయండి."

"మీ పలకలు సరిగ్గా కోస్తాం కదండీ, ఇంక అంచుకి చోటెక్కడుంటుంది?"

"అయితే పొట్టిగా కోయండి" అన్నాడాయన.

బావమరిది నోరు తెరవబోయి అక్క మొహం చూసి మూసుకున్నాడు. ఆమె అప్పటికే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఉడత జేబులోంచి టేపు తీసి, ఆయన ఇంటి చూరు వైపు తలెత్తి చూశాడు. ఎత్తు పరవాలేదనిపించింది.

"పరంజా మీ గేటులోంచి పడుతుందా?" అని అడిగాడు.